ఎడ్మండ్ రబ్రా పదునొకండు సింఫొనీలు



ఈ ఉపన్యాసమునకై ధర్మనిధిని నెలకొల్పినవారు వక్తకు విషయమును ఎన్నుకొను స్వాతంత్ర్యమును సంపూర్ణముగా ఒసంగి, ఉపన్యాసము సంగీతమునకు సంబంధించినదై యుండవలెనను నియమమును మాత్రమే విధించియున్నారు. ఆ స్వాతంత్ర్యమును కొంత సాహసముతోనే వినియోగించుకొని, మన దేశమున మాట యటుంచి తన దేశముననే తగినంతగా వినబడని యొక ఆంగ్లేయ స్వరకర్తను గూర్చి నేడు ప్రసంగింపదలచితిని. ఆయన పేరు ఎడ్మండ్ రబ్రా. 1901లో జన్మించి 1986లో కీర్తిశేషుడైన ఈ రచయిత, 1935 మొదలు 1979 వఱకు పదునొకండు సింఫొనీలను రచించెను. ఇంగ్లండు సంగీతమనగానే ఎల్గార్, వాన్ విలియమ్స్, బ్రిటెన్ అను మూడు పేర్లతో తృప్తి చెందు లోకము, ఈ పదునొకింటిలో ఒక్కదానినైనను తన నిత్యపరిచయములలో చేర్చుకొనలేదు. ఆయనకు అన్యాయము జరిగినదని వాదించి మీ జాలిని సంపాదించుట నా యుద్దేశము కాదు. ఈ సంగీతము వినబడకపోవుటకు గల కారణములలో కొన్ని ఆ సంగీతమునందే యున్నవనియు, ఆ కారణములే దాని విశిష్టతకు మూలమనియు నిరూపించుటయే నేను తలపెట్టిన పని.

రబ్రా పుట్టిన నార్తాంప్టన్ పాదరక్షల పరిశ్రమకు పేరుపడిన పట్టణము. తలిదండ్రులు కాయకష్టము చేసి బ్రదికినవారు. తల్లి దేవాలయమున గానము చేయునది. బంధువొకడు పియానోలు విక్రయించువాడగుటచే, కొనగోరి వచ్చినవారికి వాయించి వినిపించుటకై యొక పియానో వీరి యింటనే యుండెడిది. దానిపై మోజార్ట్ సొనాటాను వాయించి చూపుట ఈ బాలుని వంతు. పదునాలుగేండ్లకే బడి విడిచి, కొన్నాళ్లు సామానులు అందించు కుఱ్ఱవాడుగాను, పిమ్మట రైల్వే కచేరీలో గుమాస్తాగాను పనిచేసెను. పదునేడేండ్ల వయసులో, తన కత్యంతాభిమానపాత్రుడైన సిరిల్ స్కాట్ రచనలతోనే ఒక కచేరీని ఆ పట్టణమున ఏర్పాటు చేయగా, దేవాలయపు మతగురువు బాలునికి తెలియకుండ ఆ కార్యక్రమపత్రమును స్కాట్‌కు పంపెను. స్కాట్ మెచ్చి శిష్యునిగా చేర్చుకొనెను. రైల్వే ఉద్యోగులకు పావువంతు ధరకే టిక్కెట్టు దొరకుటచే లండను పోయి పాఠములు చెప్పించుకొనుట ఆ గుమాస్తాకు సాధ్యమయ్యెను. ప్రతిభను గూర్చి ఘనముగా మాటలాడువారు ఇట్టి చిల్లర సౌకర్యములను లెక్కింపరు గాని, ఆ పావుధర టిక్కెట్టు లేకున్న నేటి యీ ప్రసంగము లేదనుటలో అతిశయోక్తి లేదు. పిదప రీడింగ్ విశ్వవిద్యాలయ కళాశాలలోను, అటుతర్వాత లండనులోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లోను విద్యార్థివేతనములతో చదివెను. అచ్చట గస్టవ్ హోల్స్ట్ ఆయనకు గురువు. బహుగాన విద్యలో, అనగా పలు స్వరమాలికలను ఏకకాలమున నడపు కౌంటర్‌పాయింట్ విద్యలో, ఆర్. ఓ. మారిస్ శిక్షకుడు.

ఆయన శైశవమునుండి తానే జ్ఞాపకము చేసికొని చెప్పిన విషయములు రెండు కలవు. మూడు నాలుగేండ్ల ప్రాయమున ఒకనాటి ఉదయము మేల్కొనగా, గదిలోని వెలుగు ఏదో వింతగా తోచెనట. రాత్రివేళ మంచు కురిసి నేలయంతయు తెల్లబడుటచే, పైనుండి పడవలసిన వెలుగు క్రిందినుండి పరావర్తనము చెంది ఇంటి కప్పును ప్రకాశింపజేసినది. వెలుగుండవలసినచోట నీడయు, నీడయుండవలసినచోట వెలుగును కనబడినవి. స్వరమాలికను తలక్రిందులు చేసి, ఎక్కుచోట దిగియు దిగుచోట ఎక్కియు నడపుటయందు తనకు గల మక్కువకు ఆనాటి వింత వెలుగే మూలమని ఆయన పెద్దయైన చాలకాలమునకు గ్రహించెను. రెండవది: వేసవిలో ఒక ఆదివారము తండ్రితో పొలములవెంట నడచుచుండగా, దూరమునుండి ఘంటానాదములు నిశ్చలమైన గాలిలో క్రిందికి జాఱుచు వచ్చి చెవిసోకెను. ఆయన రచనలలో అవరోహణము పదే పదే కనబడుటకు ఇది హేతువట. రచయితలు తమ బాల్యమునుగూర్చి చెప్పు కథలను పూర్తిగా నమ్ముట నాకు అలవాటు లేదు. అయినను, ఈ రెండు కథలును చేర్చి చూచినపుడు, ఈయనను కదలించినది సంఘటన కాదు, స్థితి యని తేటపడుచున్నది. ఒక వెలుగు, ఒక నాదము, అవి యున్న తీరు. అంతకుమించి ఏమియు జరుగలేదు.

సింఫొనీ యను రచనకు మాత్రము ఏదో ఒకటి జరుగుటయే ప్రాణమని ఐరోపావారు బీథోవెన్ కాలమునుండి భావించుచు వచ్చిరి. భిన్నస్వభావములుగల రెండు స్వరవిషయములు ఎదురెదురుగా నిలిచి, తమలో తాము పెనగి, దూరప్రయాణములు చేసి, తుదకొక సామరస్యమునకు వచ్చుట దాని మొదటి భాగమునకు సంప్రదాయసిద్ధమైన నడక. ఇది నాటకధర్మము. రబ్రాకు ఈ ధర్మము సరిపడలేదు. ఆయన సింఫొనీలో సాధారణముగా ఒక స్వరపదము మొదలగును. దానికి ప్రతిపక్షము పుట్టదు, దానినుండి దాని సంతానమే పుట్టును. ఒక పదము చివరి రెండు స్వరములు తరువాతి పదమునకు తొలి రెండు స్వరములగును. అది పొడిగింపబడి, తలక్రిందులై, ద్విగుణిత కాలములో మంద్రవాద్యములపై సాగుచుండగా, దానిమీదనే మొదటి పదము మరల ప్రవేశించును. రచనాపద్ధతియు ఇందుకు తగినదే. ముందుగా ప్రణాళిక వేసికొనక, ఆరంభబిందువును స్థిరపఱచుకొని, అది ఎటు కొనిపోవునో అటు పోవుచు మొదటినుండి తుదివఱకు వ్రాసికొనిపోవుట ఆయన అలవాటు. అట్లు వ్రాయుట సులభమని తలపవలదు. త్రోవ తెలియక నడచువాడు త్రోవ తప్పకుండుటకు అసాధారణమైన స్మృతియు, అంతకంటె అసాధారణమైన నిగ్రహమును ఉండవలెను.

ఇచ్చట మన శ్రోత, కర్ణాటక సంగీతమున పెరిగిన శ్రోత, ఇది మాకు పరిచితమేకదా యనవచ్చును. ఆలాపనలో ఒక సంచారము మఱియొక సంచారమునకు దారితీయుటను, విద్వాంసుడు తొందరపడక మంద్రస్థాయినుండి తారస్థాయికి క్రమముగా పోవుటను గంటలకొలది వినిన ఓర్పు మనకున్నది. ఆ ఓర్పు రబ్రాను వినుటకు గొప్ప పెట్టుబడి. లండను శ్రోతకు లేని సౌలభ్యమిది. కాని దీనిని ఆధారము చేసికొని ఆ సింఫొనీలను ఆలాపనలతో పోల్చివేయువారితో నేనేకీభవింపను. మన చెవి ఒక్క స్వరధారను అనుసరించుటకు శిక్షితమైనది. మీది రాగమును పట్టుకొని తక్కినదానిని తోడుగా మాత్రమే భావించును. రబ్రా సంగీతమున పడుగు ఏదో పేక ఏదో విడదీసి చూపుట సాధ్యము కాదు. పైన వయొలిన్లు పలుకుచున్నది వినసొంపుగా నుండవచ్చును గాని, ఆ నిమిషమున రచనను ముందునకు నడుపుచున్నది తఱచుగా అడుగున సెల్లోలును డబుల్ బాస్‌లును వాయించు స్వరమాలికయే. దానిని వినకున్న మిగిలినది ఒక నెమ్మదియైన, కొంచెము బూడిదరంగు శబ్దము; అంతియే. ఆయనను నీరసుడని విడిచిన విమర్శకులలో పెక్కురు మీది స్వరమునే వినినవారని నా నమ్మకము.

మఱియొక చిక్కు తంబురాకు సంబంధించినది. మనకు షడ్జము స్థిరము. గ్రహభేదము చేసి చూపినను అది క్షణకాలపు చమత్కారమే, శ్రుతిపెట్టె మాత్రము కదలదు. పాశ్చాత్య సింఫొనీలో ఆధారషడ్జమే ప్రయాణము చేయును. రబ్రా రచనలలో ఈ మార్పు తలుపు తెఱచినట్లుగా జరుగదు; ఏ స్వరమాలికకు ఆ స్వరమాలిక తన త్రోవను తాను పోవుచుండగా, కొంతసేపటికి మనము వేఱొక ఆధారముమీద నిలిచియుంటిమని తెలియవచ్చును. ఎప్పుడు మాఱినదని వెదకుటకంటె, మాఱినదని గుర్తించుటయే ఇచ్చట శ్రోతకు చేతనైన పని.

ఇక రచనలలోనికి పోవుదము. 1937లో ఏడ్రియన్ బోల్ట్ నాయకత్వమున బీబీసీ ఆర్కెస్ట్రావారు వినిపించిన మొదటి సింఫొనీ ఉద్ధతమైనది, దట్టమైనది. మధ్యభాగము ఫ్రాన్సుదేశపు పెరిగోర్ ప్రాంతీయ నృత్యరాగముపై అల్లబడినది. వెంటనే వచ్చిన రెండవదియు అట్టిదే. దానిని ఆయన 1950లో సవరించెను. ఈ రెండింటియందును వాద్యములు ఒకదానిమీద నొకటి పేర్చబడి గాలిచొరనంత గాఢముగా నుండుననెడి ఆక్షేపణ యథార్థమే. స్వరమాలికలను ఊహించుటలో ఆరితేఱినవాడు వాద్యముల రంగులను వినుటలో అప్పటికింకను అభ్యాసియే. 1939లో ముగిసిన మూడవదానిలో ఆకాశము తేటపడినది. దాని తుదిభాగము ఏడు రూపాంతరములును, ఒకే పదమును పలు స్వరమాలికలు వరుసగా అందుకొను ఒక ఫ్యూగును గల చక్కని కట్టడము.

నాలుగవ సింఫొనీని గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. 1942 వేసవిలో లండనులోని ప్రామ్స్ కచేరీలలో రెండు క్రొత్త సింఫొనీలు వినబడినవి. జూను 29న షస్టకోవిచ్ లెనిన్‌గ్రాడ్ సింఫొనీ. దానిలో సైడ్ డ్రమ్ము మ్రోగుచుండగా శత్రుసైన్యము నడచివచ్చుటను లోకమంతయు విని రోమాంచము పొందెను. ఆగస్టు 14న రబ్రా నాలుగవ సింఫొనీ. సైన్యమున చేర్పబడిన రచయిత, సైనికవేషముతోనే రాయల్ ఆల్బర్ట్ హాలు వేదికనెక్కి తానే నడపించెను. శ్రోతలు యుద్ధమును ఎదురుచూచి యుండవచ్చును. వారు వినినది, మెత్తగా స్పందించు స్వరసముదాయములపై ఒక చిన్న స్వరపదము మాటిమాటికి దిగివచ్చుచు, ఏ తొందరయు లేక పది నిమిషములపైబడి విస్తరించు సంగీతము. అందు ఫిరంగి లేదు, విలాపము లేదు, విజయధ్వానము తుదిభాగమువఱకు లేదు; ఆ తుదిభాగమునకు ముందు సైతము అత్యంత గంభీరముగా, మిగుల శాంతముగా వాయింపవలెనను నిర్దేశముతో ఒక ఉపోద్ఘాతము కలదు. ఆయన తమ్ముడు ఆర్థర్ రబ్రా అదే కాలమున రోల్స్ రాయిస్‌లో ఇంజనీరుగా, స్పిట్‌ఫైర్ విమానములను ఎగురవేసిన మెర్లిన్ యంత్రముల నిర్మాణములో పాల్గొనుచుండెనన్నది చరిత్ర చేసిన చమత్కారము. లెనిన్‌గ్రాడ్ సింఫొనీ గొప్పదనమును తక్కువ చేయుట నా తాత్పర్యము కాదు. అది ఆ సంవత్సరమునకు కావలసిన రచన. రబ్రా నాలుగవది ఏ సంవత్సరమునకును ప్రత్యేకముగా కావలసినది కాకపోవుటయే దానికి హానియు, దానికి రక్షయు నైనవి. పదునొకింటిలో దీని ఆరంభమును మించిన ఆరంభము లేదని నేను భావింతును.

సైన్యమువారు పిమ్మట ఆయనను త్రివాద్యగోష్ఠి నొకదానిని కూర్చుమనిరి. వయొలిన్, సెల్లో, పియానోలతో శిబిరములవెంట తిరిగి సైనికులకు బీథోవెన్, బ్రామ్స్ రచనలు వినిపించెను. యుద్ధానంతరము 1947లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఉపన్యాసకుడై, 1968 వఱకు అచ్చటనే యుండెను. ఆ కాలమునందే రోమన్ కాథలిక్ మతమును స్వీకరించెను. అయిదవ సింఫొనీ 1949 జనవరిలో బోల్ట్ నాయకత్వమున వినబడినది. మఱుసటి యేడు జాన్ బార్బిరోలీ మాంచెస్టరులోని హాలే ఆర్కెస్ట్రాతో దానిని గ్రామఫోను రికార్డు చేయించెను. రబ్రా పేరు సాధారణ శ్రోతల నోట నడచిన కొలదికాలమున్నచో అదియే. నేనును రబ్రాను క్రొత్తగా వినువారికి దీనినే సూచింతును. సంప్రదాయానుసారముగ నాలుగు భాగములు. చలాకియైన రెండవ భాగము తలపైకెత్తి నవ్వించును. మూడవ భాగము లోతైన శోకగీతి. దానిబరువును తేలికచేయు నాలుగవ భాగము. వాద్యముల కూర్పును గూర్చిన పాత ఆక్షేపణకు ఇచ్చట తావు లేదు.

1954నాటి ఆఱవది మన చెవికి ఒక విధముగ సమీపమైనది. దాని వ్రాతప్రతికి తలమానికముగా నాలుగు స్వరములు పెట్టబడినవి: ఇ, ఎఫ్, ఏ, బీ. మొదటిదానిని షడ్జముగా గైకొన్నచో అవి షడ్జము, శుద్ధరిషభము, శుద్ధమధ్యమము, పంచమము నగును. గాంధారము లేదు. ఈ నాలుగింటిని పాడి చూచుకొనిన మన గాయకునికి కర్ణాటక శుద్ధసావేరి పూర్వాంగము వెంటనే స్ఫురించును. స్ఫురించుట తప్పు కాదు గాని, అది మన చెవి చేసిన పని. రచయిత యుద్దేశము కాదు. ఆయన ఆ నాలుగు స్వరములను ప్రతి భాగమునందును వాడును, కాని ప్రతిమాఱును వానికి వేఱొక ఆధారమును ఒసంగుటచే అవి క్రొత్త ముఖముతో కనబడును. షడ్జమనుకొనినది కొంతసేపటికి మఱియొకదానికి గాంధారముగ మాఱియుండును. ఇటలీ కవి లెయొపార్డీ పంక్తులను శీర్షమున దాల్చిన రెండవ భాగము, గానమను అర్థమిచ్చు కాంతో అను పేరుగలది, విశాలమై ప్రశాంతమై సాగును. ఆయన మందగతి భాగములలో నాకు అత్యంత ప్రియమైనది ఇదియే.

భారతీయ సంబంధమును గూర్చి ఎవరైనను అడుగకమానరు కావున ఇచ్చటనే చెప్పుదును. గురువైన హోల్స్ట్ సంస్కృతము నేర్చి, ఋగ్వేదసూక్తములను తానే ఆంగ్లీకరించుకొని గేయములుగ కూర్చి, సావిత్రి కథను ఒక చిన్న ఆపెరాగా రచించినవాడు. తొలిగురువైన స్కాట్ దివ్యజ్ఞానసమాజ భావములలో మునిగినవాడు. రబ్రా తన పియానో కాన్చెర్టోను, 1956లో వెలువడినదానిని, సరోద్ విద్వాంసుడైన ఆలీ అక్బర్ ఖాన్‌కు అంకితమిచ్చెను. హార్ప్ వాద్యమునకు రాగపద్ధతి ననుసరించి ఒక రచన చేసెను. ఇవన్నియు నిజములే. అయినను సింఫొనీలలో రాగములను వెదకువాడు నిరాశ పొందును. ఆయనకు మన సంగీతము చెప్పినది రాగము కాదు. ఒక్క బీజమును నమ్మి చాలసేపు నిలువవచ్చునను ధైర్యము. ఆ ధైర్యము సైతము ఆయనకు ముందే, పదునాఱవ శతాబ్దపు ఆంగ్ల దేవాలయ గానమునుండి లభించియుండెను. ఆలీ అక్బరు వాద్యమును వినినపుడు ఆయన క్రొత్తదానిని కనుగొనలేదు. తనవాని నొకనిని కనుగొనెను.

బర్మింగ్‌హాం ఆర్కెస్ట్రా కొఱకు వ్రాసిన ఏడవది 1957లో వినబడెను. దాని తుదిభాగమైన పాసకాల్యా, అనగా ఒకే మంద్రస్వరమాలికను మాటిమాటికి తిప్పుచు దానిపై కట్టిన రచన, ఇంతకుముందు నేను చెప్పిన అడుగుస్వరములను వినుటకు ఉత్తమమైన పాఠశాల. పిమ్మట పదేండ్లకు పైబడి సింఫొనీ లేదు. ఆ పదేండ్లలో ఇంగ్లండు సంగీతప్రపంచపు గాలి మాఱినది. 1959లో విలియం గ్లాక్ బీబీసీ సంగీతశాఖకు అధిపతియై, ఐరోపాలోని నవ్యరచయితలకు ద్వారములు తెఱచెను. ఆ ద్వారములు తెఱవవలసినవే. వానిని తెఱచుటలో పాతగదులలో వెలుగు తగ్గినదన్నదియు నిజమే. ఆ కాలపు అనాదరమునకంతటికిని గ్లాక్ నొక్కనిని బాధ్యుని చేయుట ఇంగ్లండులోని రబ్రా అభిమానులకు వాడుక. నాకది న్యాయముగా తోచదు. ఒక్కమాఱు విని మఱచునట్లుగాక, మూడుమాఱులు వినిననే తెఱచుకొనునట్టి సంగీతమును కచేరీనిర్వాహకులు ఏ యుగమునందును ఉత్సాహముతో స్వీకరింపలేదు.

ఎనిమిదవది, 1968లో ముగిసినది, జెస్విటు మతగురువును పురాజీవ శాస్త్రజ్ఞుడును నైన తెయ్యార్ ద షార్దాఁకు నివాళిగా వ్రాయబడినది. ఇందు ఆధారషడ్జముకంటె స్వరముల నడుమ అంతరములే కట్టడమునకు మూలమైనవి. శబ్దము పలుచనై, గాజువలె తేటయై యుండును. తొమ్మిదవది గాయకులతోను, బృందగానముతోను క్రీస్తు పునరుత్థానమును కీర్తించు దీర్ఘరచన. 1973లో లివర్‌పూల్‌లో చార్లెస్ గ్రోవ్స్ దీనిని నడపించెను. రచయిత దీనినే తన కృతులలో శ్రేష్ఠమైనదిగా భావించెను. దీనిలోని భక్తి నిస్సందేహముగా గంభీరమైనది. కాని కథ చెప్పవలసిన బాధ్యత ఆయన స్వరములకు తగిన భారము కాదని నాకు తోచును. మాటలు ముందునకు లాగునపుడు, తన వేగమున తాను పెరుగుటయను ఆయన ప్రధానగుణము వెనుకబడును. పదవది, పదునొకండవది చిన్నవి, ఏకభాగములు. పదునొకండవది 1980 ఆగస్టులో ప్రామ్స్‌లో వినబడినపుడు రచయితకు డెబ్బదితొమ్మిదేండ్లు. పదునైదు నిమిషములలో, నాలుగవదానికి సుమారు అరగంట ఏల పట్టెనా యని సందేహము కలుగునంతటి పొందికతో అది ముగియును. వృద్ధులు వ్రాసిన సంగీతమున తఱచుగా కానవచ్చు వీడ్కోలు ధోరణి దీనిలో ఇసుమంతయు లేదు. పండ్రెండవదానిని 1985లో ఆయన ఆరంభించెను గాని, అది అసంపూర్ణముగనే మిగిలెను.

రిచర్డ్ హికాక్స్, వేల్సు బీబీసీ ఆర్కెస్ట్రాతో 1990వ దశకమున ఈ పదునొకింటిని షాండోస్ సంస్థ ద్వారా రికార్డు చేయించెను. వినగోరువారికి నా సలహా ఒక్కటే: వరుసక్రమమున మొదటినుండి వినవలదు. అయిదవదానితో ఆరంభించి, పిదప నాలుగవదానిని వినుడు. ఏడవదాని తుదిభాగమును అడుగుస్వరమును మాత్రమే అనుసరించుచు ఒకమాఱు, మీది స్వరములతో కలిపి మఱియొకమాఱు వినిన పిమ్మట ఆఱవదానికి రండు. మొదటి రెండును చివర వినదగినవి. అప్పటికి వాని దట్టమైన అడవిలో త్రోవ చూచుకొనుట మీకు అలవాటై యుండును. తొమ్మిదవదానిని గూర్చి నాకంటె ఎక్కువగా మెచ్చుకొను శ్రోతలు ఈ సభలోనే బయలుదేరుదురేమో. వారి వాదమును వినుటకు నేను సిద్ధముగనే యున్నాను.